ఏడవని పిల్ల

ఏడవని పిల్లని ‘ఎంత బుద్ధిమంతురాలో!’ అని మెచ్చుకోవడం మనకి అలవాటే కదండీ.

1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక సినిమా తీశాడు. రెండేళ్ల లారా ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. పెద్దగా ఏడవలేదు. ఇంటికెళ్లేనాడు మాత్రం తల్లి చెయ్యి పట్టుకోనంది! ఇలాంటి నిబ్బరం బుద్ధి కాదు, నిరాశ అన్నారు ఆయనా, సహచరుడు జాన్ బౌల్బీ. ఆ ఆలోచనతో పుట్టిన కొన్ని చికిత్సల్లో ఇంటిల్లిపాదినీ కూర్చోబెడతారు. తప్పెవరిదని తేల్చరు, ‘అప్పుడు నీకెవరు తోడు కావాలనిపించింది?’ అని అడుగుతారు.

మా అమ్మాయి ఎదురుచెప్పడం మానేస్తే, దారిలో పడిందని ఏడాదిపాటు మురిసిపోయాను. మొన్న గుమ్మంలో నిలబడి, “అప్పుడు నీ మాట వినిపించుకోలేదే తల్లీ, ఇప్పుడు చెప్పు” అన్నాను.

విసుక్కుంది.

పోనిద్దురూ, ఆ విసుగే నాకు పదివేలు!