కూత ఆగిన చోట

రావులపాలెంలో అందరికంటే ముందు తెల్లారేది అరటి మార్కెట్ యార్డుకి. లంకల్లోంచి గెలలు వస్తాయి, సైకిళ్లకి అటూ ఇటూ వేలాడుతూ కొన్ని, వ్యానుల్లో కొన్ని. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత. వాటిని లారీలకెత్తే ముఠాలో మా వీధి కుర్రాడొకడుండేవాడు. పొద్దుటంతా గెలలు మోసి, సాయంత్రం గోదారి గట్టు పక్కన కబడ్డీ ఆడేవాడు. మోసిన ఒళ్లు మళ్లీ ఎందుకురా హూనం చేసుకుంటావంటే నవ్వేవాడు. ఆటవల్ల వాడికి పైసా వచ్చింది లేదు. పండగ పోటీలకి ఆటో కిరాయి కూడా జట్టంతా తలాకొంచెం వేసుకునేవారు.

వాడికి ఇరవై రెండేళ్లు. ఓ సాయంత్రం కూతకెళ్లాడు. గీత దాటి నాలుగడుగులు వేశాడో లేదో కూత ఆగిపోయింది. అవతలివాళ్లెవరూ ముట్టుకోలేదు. వాడే కూలబడ్డాడు. నాటకమనుకుని ఒకడు నవ్వాడు కూడా. తర్వాత మొహాన నీళ్లు కొట్టాం, అరికాళ్లు రుద్దాం, గుప్పిట్లో తాళంచెవులు పెట్టాం. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కాలన్న సంగతి అక్కడున్న యాభైమందిలో ఒక్కడికీ తట్టలేదు. ఆ యాభైలో నేనూ ఉన్నాను.

ఏడాది తిరిగింది. జట్టువాళ్లు వాడి పేరు మీద పోటీలు పెడదామన్నారు. చందా పుస్తకం అచ్చయింది. యార్డులో ఒకాయన నాలుగు గెలలిచ్చి వేలం వేసుకోమన్నాడు. నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాబట్టి కరపత్రం పని నాకొచ్చింది. ‘స్మారకార్థం’ అని రాసి, అక్కడే ఆగిపోయాను.

పోయినవాళ్ల పేరు నిలపడానికి మనకో అలవాటుంది, స్టీలు గిన్నె మీద చెక్కించడం. కల్యాణమండపంలో వంకాయకూర వడ్డించే బేసిను అంచున ఎవరి తాతగారి పేరో ఉంటుంది. గుళ్లో ఫ్యాను రెక్కల మీదా రాయిస్తాం. ఆ ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పేరు కనబడదు. కరెంటు పోయినప్పుడే చదవగలం. దీన్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. తిరిగేటప్పుడు పేరు కనబడకపోయినా గాలి వస్తుంది కదా, నాకు నచ్చేది ఆ గాలే. షీల్డు మీద పేరు మాత్రం ఎప్పుడూ కనబడుతుంది, దాన్నుంచి గాలి రాదు.

ఇలాంటి ఆలోచనలో ఉండగా రగ్బీ గుర్తొచ్చింది. మనకి అలవాటు లేని ఆటే, కానీ దూరపుది కాదు. ఒకణ్ణి పదిమంది పట్టి పడగొట్టడమనే సంగతి కబడ్డీ ఆడినవాడికి కొత్తగా చెప్పక్కర్లేదు. కలకత్తాలో 1873లో తెల్లవాళ్లు రగ్బీ ఆడే క్లబ్బు పెట్టుకున్నారు. నాలుగైదేళ్లకే ఆడేవాళ్లు కరవై దాన్ని మూసేయాల్సొచ్చింది. బ్యాంకులో మిగిలిన డబ్బుని పంచుకోలేదు. 270 వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించారు. మూత మీద ఏనుగు, పిడులు మూడూ పడగ విప్పిన పాములు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లాండు జట్లు ఆ కలకత్తా కప్పు కోసమే తలపడుతున్నాయి. 1988లో ఓ రాత్రి ఇద్దరు ఆటగాళ్లు తాగి ఎడింబరో వీధుల్లో దాన్ని తన్నుకుంటూ పోయారట, సొట్టలు పడింది. చచ్చిపోయిన క్లబ్బు ఒకటి నాణేలు కరిగించి పేరు నిలుపుకుందన్నమాట. ముచ్చటైన కథే. కానీ క్లబ్బు వేరు, ఇరవై రెండేళ్ల కుర్రాడు వేరు.

ఆ బ్రిటన్‌లోనే ఇంకో రకం జ్ఞాపకం ఉంది. వారమంతా ఏదో పని చేసుకుని శనివారం ఊరి జట్టుకి ఆడే కుర్రాళ్లు అక్కడ వేలల్లో. అలాంటివాడొకడు హఠాత్తుగా పోతే స్నేహితులు పరుగు పందేలు పెడతారు, ఊళ్లకి ఊళ్లు సైకిళ్లు తొక్కుతారు, చందాలు పోగేస్తారు. కార్డియాక్ రిస్క్ ఇన్ ద యంగ్ అనే సంస్థ 1995లో మొదలైంది. బ్రిటన్‌లో ముప్ఫై అయిదేళ్లలోపువాళ్లు వారానికి కనీసం పన్నెండుమంది, బయటపడని గుండెజబ్బుతో అకస్మాత్తుగా పోతున్నారని వాళ్ల లెక్క. పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు వాళ్ల పేర్ల మీద పోగేసిన డబ్బుతో, పద్నాలుగు నుంచి ముప్ఫై అయిదేళ్ల వాళ్లకి ఊళ్లోనే ఈసీజీలు తీయిస్తారు. ఇటలీ అయితే 1982 నుంచి పోటీల్లో ఆడేవాళ్లకి ఈ పరీక్ష తప్పనిసరి చేసింది. అక్కడి వెనెటో ప్రాంతంలో పాతికేళ్ల లెక్కలు చూస్తే క్రీడాకారుల ఆకస్మిక మరణాలు 89 శాతం తగ్గాయి. ఈసీజీ అన్నిటినీ పట్టుకోలేదు, నిజమే. గుండె కండరం మందం కట్టడం లాంటివాటిని చాలావరకు పట్టిస్తుంది.

కరపత్రంలో అరటి చెట్టుతో పోలిక పెట్టాలని చెయ్యి లాగింది. తల్లిచెట్టు నరికేస్తే పక్కన పిలక లేస్తుంది, వగైరా. పెట్టలేదు. వీడు గెల వెయ్యకుండానే పోయాడు.

కబడ్డీలోనే ఓ నియమం ఉంది, నాకు అది చాలు. అవుటైనవాడు కోర్టు పక్కన కూర్చుంటాడు. జట్టులో ఇంకొకడు వెళ్లి అవతలివాణ్ణి ముట్టుకుని ఊపిరి తెగకుండా వెనక్కొస్తే, ముందు అవుటైనవాడు ముందు లేస్తాడు. చిన్నప్పుడు మేము ‘అవుట్’ అనేవాళ్లమే కాదు. చచ్చాడు, బతికాడు, అంతే. వాడు పోయాక కొన్నాళ్లు మా కుర్రాళ్లు ఆ మాట అనడం మానేశారు. ఓ రోజు ఎవడో అలవాటుకొద్దీ ‘నువ్వు చచ్చావురా, బయటికెళ్లు’ అన్నాడు. ఆట ఓ నిమిషం ఆగింది.

కరపత్రం ముసాయిదా పట్టుకుని వాడి అమ్మ దగ్గరికెళ్లాను. చదివి వినిపించాను. మొదటి బహుమతి, రెండో బహుమతి, పెద్ద షీల్డు. ఆవిడ చీపురుపుల్లలు ఏరుతూ విన్నది.

“మా వోడి పేరున కప్పిత్తారు, బాగానే ఉందండి. ఆ కప్పు గెలిచినోడి గుండె ఎవరు చూత్తారండి మాస్టారూ?”

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి బహుమతుల వరసలు కొట్టేశాను. షీల్డు చిన్నదయింది. పేరిచ్చిన ప్రతి ఆటగాడికీ ముందు ఈసీజీ అని రాశాం. ఆట మొదలయ్యే ముందు అరగంట ఒక నర్సు వచ్చి, ఛాతీ ఎలా నొక్కాలో నేల మీద దిండు పెట్టి చూపించింది. మొదట కుర్రాళ్లు ఇకిలించారు. వాణ్ణి ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్లినవాడు ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాక ఇకిలింపు ఆగింది. వాడు దిండుని చాలాసేపు నొక్కాడు. చాలు బాబూ అని నర్సు అన్నా వదల్లేదు.

దీనివల్ల మా కుర్రాడు బతకడు. ఇంకొకడు చావకపోవచ్చు. రెండూ ఒకటేనని ఆ తల్లితో అనే ధైర్యం నాకు లేదు.

సంక్రాంతికి మీ ఊళ్లోనూ ఎవరో ఒకరి స్మారకార్థం పోటీలు జరుగుతాయి. చందా పుస్తకం మీ గుమ్మంలోకొస్తుంది. ఇవ్వండి. ఇచ్చేముందు, ఆడే పిల్లలకి ఈసీజీ తీయించారా అని ఒక్కమాట అడగండి.