మాక్రోబయోటిక్ భోజనంలో మాంసానికి చోటుందా?



యాంగోన్‌లోని మన సహవాసంలో ఈ మధ్య కొందరం మాక్రోబయోటిక్ భోజనం పాటిస్తున్నాం. కొందరికి షుగరు, కొందరికి బీపీ, నాలాంటివారికి రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఆరాధన అయ్యాక టీ దగ్గర ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది: ఇందులో మాంసం తినవచ్చా, లేక దాని బదులు వేరేవి వెతుక్కోవాలా?

జపాన్‌కు చెందిన జార్జ్ ఒసావా (1893–1966) ఈ పద్ధతిని ప్రచారం చేశాడు. అతని శిష్యుడు మిచియో కుషి అమెరికాలో వ్యాపింపజేశాడు. పళ్ళెంలో దాదాపు సగం దంపుడు బియ్యంలాంటి ధాన్యాలు, తర్వాత కూరగాయలు, కొంచెం పప్పులు, సముద్రపు నాచు, అప్పుడప్పుడు చేప. మాంసం, గుడ్లు, పాలు చాలా అరుదుగానే. టమాట, వంకాయ, బంగాళాదుంప, మిరపకాయ కూడా వద్దంటారు. తెలుగువారికి మాంసం మానడం కంటే ఇదే పెద్ద శ్రమ!

ఆహారాన్ని యిన్, యాంగ్ అని విడదీయడం వెనుక ఒక తత్వం ఉంది. దంపుడు బియ్యం తినడానికి విశ్వాసి ఆ తత్వాన్ని నమ్మనక్కరలేదు. కొరింథు కటికవాని అంగడిలో దొరికేదాన్ని మనస్సాక్షి కోసం ఆరాలు తీయకుండా తినమని పౌలు భక్తుడు చెప్పాడు గదా (1 కొరింథీ 10). అయితే బుద్ధిని కూడా దేవుడే ఇచ్చాడు. ఒసావా బోధించిన ధాన్యం మాత్రమే తినే కఠిన నియమాన్ని పాటించి అమెరికాలో ఒక యువతి 1965లో మరణించింది. ఈ భోజనం క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న మాటకు రుజువు లేదు. అలాంటి మాటను సాక్ష్యంగా చెప్పి ఎవరినీ ఆసుపత్రికి దూరం చేయవద్దు.

మాంసం బదులు ఏమిటి? పప్పులో ఉన్నవాటిని కూడా మనం మాంసకృత్తులు అనే అంటాం, చూడండి. గోధుమపిండి కడిగి తీసిన బంకతో చేసే సీతాన్‌లోనూ, టోఫులోనూ అవి బాగానే ఉంటాయి. కానీ బి12 విటమిన్ మామూలుగా వాటిలో దొరకదు. కాబట్టి ఎదిగే పిల్లలకు, గర్భిణులకు చేపో గుడ్డో, లేదా డాక్టరు రాసిన మాత్రో కావాలి. తల్లిదండ్రులు తమ నియమాన్ని పసిబిడ్డ మీద మోపడం నాకు సరి అనిపించదు.

ఉన్న ఊళ్ళో పండినదే తినమని కూడా ఈ పద్ధతి చెబుతుంది. అలాగైతే యాంగోన్‌లో దిగుమతి ప్యాకెట్లు ఎందుకు? ఇక్కడి షాన్ తోఫు సోయాతో కాదు, శనగపిండితో చేస్తారు. మన బజ్జీల పిండిని ఉడికించి గడ్డకట్టించినట్టు ఉంటుంది. ఇక్కడివారు చిన్‌బౌంగ్ అనేది మన గోంగూరే. రొయ్యలతో వేపుతారు. కోరంగి రేవు పేరుతో ఇక్కడ కోరంగీలనిపించుకున్న మన పూర్వికులకు ఆ రుచి కొత్తగా ఉండి ఉండదు.

అసలు సంగతి మాత్రం పళ్ళెంలో కంటే బల్ల చుట్టూ ఉంది. రోమా 14లో పౌలు రెండు వైపులా మాట్లాడాడు: తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు. మనం మొదటిదాన్నే ఎక్కువగా బోధిస్తాం. ఆరోగ్యం పేరుతో మానేసిన మాకు రెండోదే ఎక్కువ అవసరం. ఆ రోజుల్లో తిననివాడు బలహీనుడు. ఈ రోజు తిననివాడే తాను బలవంతుణ్ణనుకుని, పక్కవాని బిర్యానీ వైపు జాలిగా చూస్తాడు. అంతియొకయలో పేతురు చేసిన తప్పు ఏం తిన్నాడన్నది కాదు, అన్యజనులతో కూర్చున్న బల్ల దగ్గరనుంచి లేచిపోవడం (గలతీ 2).

ఒక పేద కుటుంబం మనకోసం కోడిని కోసి వండితే, డాక్టరు వద్దన్న సందర్భం తప్ప, తినాలనే నా అభిప్రాయం. గొడ్డుమాంసం విషయం వేరు. ఇక్కడ చాలామంది బౌద్ధులు దాన్ని ముట్టరు. పొలం దున్నిపెట్టే ఎద్దుల మేలు మరిచి వాటిని చంపి తినకూడదని లెడీ సయాడో 1885లో ఒక లేఖే రాశాడు. కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కము వేయకూడదన్న ధర్మశాస్త్రం చదివే మనకు ఆ కృతజ్ఞత అర్థం కాకపోదు. వారు మన ఇంటికి వచ్చినప్పుడు అది వండకపోతే మన స్వాతంత్ర్యం ఏమీ తరిగిపోదు.

వచ్చే ప్రేమవిందుకు గోంగూర రెండు గిన్నెల్లో చేద్దామనుకుంటున్నాం, ఒకటి రొయ్యలతో, ఒకటి లేకుండా. రెండోదాంట్లో ఙపి, అంటే పులియబెట్టిన చేపల ముద్ద, కూడా పడకూడదని, గరిటెలు వేరుగా ఉండాలని వంట చూసే అమ్మగారు ముందే చెప్పారు.