దేవాలయములో ఒక్క గంట
(ధ్యానము: మార్కు 11:11, 12:41–13:2)



కొత్తపేటలో స్థిరపడిన మా ఊరి విశ్వాసులతో కలిసి మెదకు దేవాలయమునకు వెళ్లితిని. అక్కడ మాకు దొరికినది ఒక్క గంట.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆలయమది. కరవు కాలమున ఆకలిగొన్నవారికి పనియు అన్నమును దొరుకునట్లు పోస్నెట్ దొరగారు దానిని కట్టించిరి. అందరము 175 అడుగుల గోపురము చూచి ఫోటోలు తీసికొంటిమి. బస్సుకు వేళాయెనని నేను తొందరపెట్టితిని. ఒక ముసలితల్లి మాత్రము స్తంభమును వదలలేదు.

“ఇంకను ఏమి చూచుచున్నావమ్మా?” అని విసుగుకొంటిని.

“మా తాత ఈడ రాళ్లు మోసిండట అయ్యగారూ. ఏ రాయో తెల్వది. అందుకే అన్నిటిని ముట్టుకుంటున్న” అనెను.

నాకు నోట మాట రాలేదు.

ఆ దినమున శిష్యుడు ప్రభువునకు దేవాలయపు రాళ్లను చూపెను. అంతకు కొంచెము ముందే ప్రభువు రెండు కాసులు వేసిన బీద విధవరాలిని చూచెను. యెరూషలేము ప్రవేశించిన సాయంకాలమున ఆయనకును సమయము కొద్దియే. అయినను దేవాలయములో సమస్తమును చూచియే బేతనియకు వెళ్లెను. కాబట్టి నా తప్పునకు గంటను నిందింపలేను.

మీరు వెళ్లినప్పుడు పొద్దుండగానే చేరుడి. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చూపు రంగుటద్దములు పగటి వెలుగులోనే ప్రకాశించును. మొదట మౌనముగా కూర్చుండుడి. రాళ్లు మోసిన పేదలకై దేవుని స్తుతించుడి. తిరిగి వచ్చి, మీ వీధిలో ఆకలితోనున్న ఒక్కరికైనను అన్నము పెట్టుడి.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.