నిమిషం నిండేదాకా

ఖమ్మం వైపు పల్లెల నుంచి ఇద్దరమ్మాయిలు ఒకే ఏడు బీఎస్సీ నర్సింగ్‌లో చేరారు. మొదటిరోజు మేడం అడిగింది, "ఈ కోర్సుకు ఎందుకొచ్చారమ్మా?" అని.

"మా నాయనమ్మ మంచాన పడ్డప్పుడు ఒక సిస్టర్ కన్నకూతురిలా చూసుకుంది మేడం. నేనూ అలా చెయ్యాలని," అంది ఒకమ్మాయి. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

రెండో పిల్ల తల వంచుకుంది. "నీట్‌లో సీటు రాలేదు మేడం. నాలుగేళ్లకు ఉద్యోగం వస్తే మిర్చి అప్పు తీరుతుందని నాన్న చేర్పించాడు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. "ఇద్దరూ ఉన్నమాటే చెప్పారు. కూర్చోండి," అంది.

కొన్నాళ్లకు ఇద్దరికీ మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ పడింది. తెల్లవారుజామున మూడు గంటలు. ఒక పెద్దాయన చార్టులో ఊపిరి లెక్క పైనుంచి కిందిదాకా 20, 20, 20 అనే ఉంది. మొదటి అమ్మాయి నిద్రమత్తులో ఇంకో 20 వెయ్యబోయింది. రెండో పిల్ల ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఆయన ఛాతీ మీద నిలిపి, నిమిషం నిండేదాకా లెక్కపెట్టింది. 34! పరుగున వెళ్లి డ్యూటీ డాక్టరును లేపింది. ఆక్సిజన్ పెట్టారు.

తెల్లారాక పెద్దాయన, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. ఆ రోజు నుంచి మొదటి అమ్మాయి కూడా నిమిషం నిండందే చార్టు మీద కలం పెట్టలేదు.

నీతి: ఏ కారణంతో వచ్చిందో చూసి నర్సును తూచకూడదు. రోగి పక్కన నిలబడ్డ ఆ నిమిషంతో తూచాలి.

జీతం కోసం వచ్చినవాళ్లకు సేవాభావం ఉండదనే మాట నేను ఒప్పుకోను. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదలైన ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సింగ్ స్కూల్లోనే విద్యార్థినులకు తిండి, వసతి ఇచ్చి, ఏడాదికి 10 పౌండ్లు చేతిలో పెట్టారు. అప్పటి నుంచీ జీతం, సేవ కలిసే నడిచాయి. ఇంటి అప్పు తన భుజాన వేసుకున్న పిల్లకు రోగి బరువు మొయ్యడం చేతకాదా?

మీ ఇంట్లో బైపీసీ చదివిన అమ్మాయి గానీ అబ్బాయి గానీ నర్సింగ్‌లో చేరతానంటే, "డాక్టర్ సీటు రాలేదనా?" అని అడగకండి. ఫీజు ఎప్పుడు కట్టాలో అడగండి.