తప్పించుకొను చూపు

ధ్యానభాగము: లూకా 10:30-37



గత వేసవిలో వైద్యము నిమిత్తము హైదరాబాదు వెళ్లి, నల్లకుంటలో మా అక్క యింట నాలుగు దినములుంటిని. ఆమె కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుచున్నాడు. ఒక రాత్రి అతడు తన కంప్యూటరుమీద 'ఓపెన్‌హైమర్' అను చిత్రమును నాకు చూపెను. పాదిరి సినిమా చూచుటేమిటని మీలో పెద్దలు కొందరు అనుకొందురు, అనుకొననిండు.

2023 జూలైలో విడుదలయిన ఆ చిత్రము అణుబాంబు తయారీని నడిపించిన శాస్త్రజ్ఞుని కథ. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై పడిన బాంబువలన ఆ సంవత్సరాంతమునకు సుమారు 1,40,000 మంది చనిపోయిరని అంచనా. మూడు గంటల చిత్రములో ఆ పట్టణస్థులలో ఒక్కరైనను కనబడరు. అక్కడి పటములను తెరమీద వేసినప్పుడు శాస్త్రజ్ఞుడు తల వంచుకొనును. కెమెరా అతని ముఖమునే చూపును గాని పటములను చూపదు.

"మామయ్యా, అంతగా కుమిలిపోయినవాణ్ని దేవుడు క్షమించడా?" అని మేనల్లుడు అడిగెను.

క్షమాపణ దేవునిది, దానికి కొలతవేయుటకు నేనెవడను? అయితే హత్య జరిగిన తరువాత దేవుడు కయీనును మొదట అడిగినది అతని మనోవేదనను గూర్చి కాదు, తమ్ముని గూర్చి. కథను శాస్త్రజ్ఞుని కన్నులగుండా చెప్పిరి గనుక అట్లు తీసిరని మేనల్లుడనెను. అదియు నిజమే. కాని చూపకుండుట నేటి సంగతి కాదు. 1947లో అమెరికాలో తీసిన 'ది బిగినింగ్ ఆర్ ది ఎండ్' అను చిత్రములో, పది దినములుగా హెచ్చరిక కరపత్రములు వేయుచున్నామని విమానములోనివారు చెప్పుకొందురు. అణుబాంబును గూర్చి అట్టి హెచ్చరిక ఆ పట్టణమునకు ఇయ్యబడనే లేదు. బాంబు పడిన కొద్ది వారములకు జపానువారు అక్కడ తీసిన ఫిల్మునైతే అమెరికా సైన్యము పట్టుకొనిపోయి, 1967 వరకు తిరిగి ఇయ్యలేదు.

మరునాడు అతడు వెదకి మరియొక చిత్రము చూపెను. అది హిరోషిమాలోనే పుట్టిన కనెతో షిందో 1952లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హిరోషిమా'. ఒక ఉపాధ్యాయురాలు ఆ పట్టణమునకు తిరిగివచ్చి, ముఖము కాలి, చూపు పోయి, భిక్షమెత్తుచున్న ముసలివానిని చూచును. అతడు వారి యింటి పాత పనివాడు. ఆమె నిలిచిపోవును.

అక్కడ నాకు మా ఊరి సహోదరి ఒకతె జ్ఞాపకము వచ్చెను. కిరసనాయిలు పొయ్యి అంటుకొని ఆమె ముఖము కాలెను. ఆసుపత్రినుండి వచ్చిన దినమున నేను వెళ్లి, గడప దాటగానే "ప్రార్థించుదము" అని కన్నులు మూసికొంటిని. ఆమేన్ అనిన తరువాత బైబిలులోనికి చూచితిని. "అయ్యగారూ, మీరు కూడా నా మొగం చూడరా?" అని ఆమె అడిగినది. గాయపడినవానిని దాటిపోయిన యాజకుడును లేవీయుడును దేవాలయపు పనివారే గదా. ఆ భాగముపై నేను ఎన్నిసార్లు ప్రసంగించియుంటినో!

ఇది మేనల్లునితో చెప్పితిని. అతడు తన ప్రశ్న మరల అడుగలేదు.

ఊరు చేరిన మరునాడు ఆమె యింటికి పోయి, ఎదురుగా పీట వేసికొని చాలసేపు మాటలాడితిని. ఆమె ఎడమ కంటి రెప్ప సరిగా మూతపడదనియు, రాత్రులు తడిగుడ్డ వేసికొని పండుకొనుననియు అప్పుడే నాకు తెలిసినది.