గర్భసంచికి మనసుంటుందా?

ఆడవాళ్ల గర్భాశయం బిడ్డ కోసం తహతహలాడే ప్రాణి అని, ఆ కోరిక చాలాకాలం తీరకపోతే ఒళ్లంతా తిరుగుతూ ఊపిరికి అడ్డం పడుతుందని గ్రీకు తత్వవేత్త ప్లేటో గ్రంథం ‘తిమాయస్’ చెబుతుంది. ఇది ఆయన ఒక్కడి ఊహ కాదు. గర్భసంచి తనంతట తానే కదులుతుందని నాటి గ్రీకు వైద్యులు చాలామంది నమ్మేవారు.

నమ్మకాన్ని బట్టే వైద్యం. గర్భసంచి కిందికి జారితే ముక్కు దగ్గర పరిమళాలు పెట్టి, కింద కంపు కొట్టే పొగ వేసేవారు. మంచి వాసనకు అది పైకెక్కుతుందని, చెడు వాసనకు పారిపోతుందని వాళ్ల లెక్క. యూరిఫోన్ అనే వైద్యుడైతే రోగిని ఒక పగలూ రాత్రీ నిచ్చెనకు తలకిందులుగా వేలాడదీయించేవాడు. వైద్యమంతా లోపల ఉందనుకున్న జంతువుకి, నరకమంతా ఆ మనిషికి.

ఈ సంగతులు మనకు చెప్పినవాడు వాటిని తప్పుపట్టిన సొరానస్. 2వ శతాబ్దంలో రోములో వైద్యం చేసిన ఈ ఎఫెసస్ వాసి, గర్భాశయం మృగం కాదని, వాసనలకు లొంగదని తేల్చి చెప్పాడు. జారిన గర్భసంచిని గోరువెచ్చని నూనెతో తడిపి, మెల్లగా లోపలికి నెట్టి, ఉన్నిని అడ్డుపెట్టి పడుకోబెట్టమన్నాడు. మన చరక సంహిత కూడా గర్భసంచి జారడాన్ని వాతదోషంగా చూసి తైలం, కాపడం, చేత్తో యథాస్థానంలో ఉంచడం చెప్పింది.

అయినా పాత నమ్మకం చావలేదు. అరెటేయస్ అనే గ్రీకు వైద్యుడికి గర్భాశయాన్ని పట్టి ఉంచే పొరల సంగతి తెలుసు. తెలిసి కూడా దాన్ని జంతువులోని జంతువనే వర్ణించాడు.

చిక్కు శరీరజ్ఞానం చాలకపోవడంలోనే లేదు. అవయవానికి సొంత ఇచ్ఛ అంటగట్టినప్పుడు, ఆ ఒంటిలో ఉన్న మనిషి ఇచ్ఛను అడిగే అవసరం పోతుంది. ఆమెకు ఎన్ని కాన్పులయ్యాయి, కాన్పయిన ఎన్నాళ్లకు బరువులెత్తింది అన్న ప్రశ్నలు పుట్టవు. నిజానికి గర్భసంచి జారడానికి కారణాలు చాలావరకు అక్కడే ఉన్నాయి: కాన్పుల్లో సాగి దెబ్బతిన్న కటి కండరాలు, విశ్రాంతి లేని చాకిరీ, వయసు.

నేడు గర్భసంచిని నిలిపి ఉంచే రింగు ఉంది, వ్యాయామాలున్నాయి, ఆపరేషన్ ఉంది. కానీ నేపాల్ కొండల్లో బాలింతలు బరువులు మోస్తూనే ఉన్నారు. 2008లో ఆ దేశ సుప్రీంకోర్టు, గర్భసంచి జారే సమస్యను స్త్రీల పునరుత్పత్తి హక్కుల ఉల్లంఘనగా గుర్తించి, చికిత్స అందించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది.