మెలకువ ఎవరి సుగుణం?

మన నీతిగ్రంథాలు మెలకువను సుగుణంగా లెక్కించాయి. నిద్రను, సోమరితనాన్ని తమోగుణం కింద జమకట్టాయి. ఈ లెక్క సరైనదేనా అన్న సందేహం నాకు జహీరాబాదులోని నా తరగతి గదిలోనే కలిగింది.

వెనక బెంచీలో రోజూ కునికే విద్యార్థిని ఒకనాడు అందరి ముందూ "సోమరి" అన్నాను. అతను మారు మాట్లాడలేదు. తోటివాళ్లు తరువాత చెప్పారు: రాత్రిళ్లు లారీలకు చెరుకు ఎత్తుతాడు, ఒళ్లంతా దద్దుర్లు, మందుల షాపులో చవకగా దొరికే ఏవిల్ బిళ్ల వేసుకుని కాలేజీకి వస్తాడు.

చర్మంలో దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనమే మెదడులో మరో పని చేస్తుంది. హైపోథాలమస్ వెనుక భాగంలో సుమారు 64,000 నాడీకణాలు దాన్ని తయారుచేసి మెదడంతటికీ పంపుతాయి. మెలకువలో అవి చురుకుగా ఉంటాయి, నిద్రలో ఊరుకుంటాయి. పాతరకం బిళ్ల మెదడులోకి చొరబడి దురదతోపాటు మెలకువనూ అణుస్తుంది. కొత్తరకాలు అంతగా చొరబడవు.

మానసిక వ్యాధుల చికిత్సకూ ఈ రసాయనంతో సంబంధం ఉంది. 1952లో పారిస్ వైద్యులు మానసిక రోగులకు వాడిన క్లోర్‌ప్రొమజిన్, హిస్టమిన్‌ను అడ్డుకునే మందుల పరిశోధనలోంచే పుట్టింది. అటువంటి మందులు పెక్కు నేటికీ రోగికి మగత తెస్తాయి, ఒళ్లు పెంచుతాయి. మనం అతన్ని "మొద్దు" అంటాం. 2010లో ఒక కుటుంబాన్ని పరీక్షించారు. తండ్రికీ, ఎనిమిదిమంది బిడ్డలకూ టూరెట్ వ్యాధి: తమ ప్రమేయం లేకుండానే అవయవాలు అదురుతాయి, నోట శబ్దాలు వస్తాయి. హిస్టమిన్ తయారీకి అవసరమైన జన్యువులో లోపం కనబడింది. ఈ లోపం అరుదు; ఆ వ్యాధి ఉన్నవారందరికీ కారణం ఇదే కాదు. అయినా, అలాంటి పిల్లవాణ్ని కోతిచేష్టలని కొట్టే ఉపాధ్యాయుడు దేన్ని శిక్షిస్తున్నట్టు?

అలాగని మనిషి రసాయనాల మూట మాత్రమే అంటే అది యాంత్రిక భౌతికవాదం. అంతా సంకల్పబలమే అనే భావవాదం ఎంత పొరపాటో, ఇదీ అంతే పొరపాటు. కునుకు ఎలా వచ్చిందో హిస్టమిన్ చెబుతుంది. చదువుకోవలసిన కుర్రవాడు రాత్రి చెరుకు ఎందుకు ఎత్తుతున్నాడో, మేలైన వైద్యానికి ఎందుకు నోచుకోలేదో చెప్పదు. ఆ జవాబు కాలేజీ ఫీజులోనూ, కూలి రేటులోనూ ఉంది. మెదడుకు దాని రసాయనం ఎంత నిజమో, ఆ మెదడు బతికే సమాజమూ అంతే నిజం. ఈ రెండూ తెలుసుకోకుండా తీర్పు చెప్పినవాడిదే నైతిక బాధ్యత. ఈ సందర్భంలో ఆ వాణ్ని నేను.

అదే తరగతిలో అతనికి క్షమాపణ చెప్పాను. దానివల్ల నా మనసు తేలికపడింది గాని, అతని రాత్రి పని తగ్గలేదు. మన నీతివిచారం అక్కణ్నుంచి మొదలుకావాలి.